పదవ తరగతి పిదప పల్నాటి విద్యార్థి

కారెంపూడిలో ఏటేట కార్తిక మాసమున వీరుల ఉత్సవము జరుగును. అప్పుడు పాడు గాథలో బాలచంద్రుని బొంగరముల ఘట్టము రాగానే పిల్లలు సైతము చెవి యొగ్గి విందురు. యుద్ధవార్త కుమారుని చెవి సోకకుండ తల్లి ఐతమ్మ జాగ్రత్తపడెను. కాని అతడు విసరిన బొంగరము అన్నమ్మ పాదమునకు తగిలెను. ఆమె బాధతో అన్న మాట వలన అతనికి కర్తవ్యము తెలిసెను. కథ ఇది. ఆ వీరమునకు చేయెత్తి మ్రొక్కవలసినదే. అయినను అందు మరియొక సంగతి గలదు. ఆ బాలుని జీవితమును మలుపు త్రిప్పిన మాట ఇంటిలో పెద్దలు చెప్పినది గాదు, గురువు చెప్పినది గాదు. వీథిలో అనుకోకుండ వినబడినది. నేటి పల్నాటిలో పదవ తరగతి ముగించిన విద్యార్థుల స్థితిని విచారించువారికి ఈ సంగతి స్ఫురింపక మానదు.

2025లో పదవ తరగతి ఫలితములు ఏప్రిల్ 23న వెలువడినవి. రాష్ట్రమున నూటికి 81.14 మంది ఉత్తీర్ణులైరి. ఫలితములకును, జూన్‌లో కళాశాలలు తెరచుటకును నడుమ ఐదారు వారములే వ్యవధి. ఈ కొద్ది దినములలోనే ఒక కుటుంబము ముప్పది ఏండ్ల భవిష్యత్తును నిర్ణయించుచున్నది. ఆ నిర్ణయము ఎవరిది? పొరుగింటి కుర్రవాడు ఏ గ్రూపు తీసికొనెనో అదియే తమ వానికిని. మేనమామ ఏ ఊరి హాస్టలు పేరు చెప్పెనో అదియే కళాశాల. విద్యార్థిని అడుగువారు అరుదు. అడిగినను చెప్పుటకు వానికి తెలిసినది స్వల్పము.

పల్నాటికి విద్యావకాశములు లేవనుట సరికాదు. నరసరావుపేటలో శ్రీ సుబ్బరాయ నారాయణ కళాశాల 1950లోనే వెలసినది. నాగార్జునసాగరమునకు 1955లో శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీరు వదలిన పిదప ఈ సీమ ముఖచిత్రమే మారినది. సాగరము చెంతనే విజయపురి సౌత్‌లో ఆవాస కళాశాల ఏర్పడినది. 2016లో నరసరావుపేటకు జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాల వచ్చినది. 2022 ఏప్రిల్‌లో ఆ పట్టణము కేంద్రముగా పల్నాడు జిల్లాయే అవతరించినది. ద్వారములు పెక్కు గలవు. ఏ ద్వారము ఎవరికి, ఎప్పుడు తెరచుకొనునో చెప్పువారే కొరత.

ఈ కొరత అందరికిని ఒకే తీరున తగులదు. కాలువ క్రింద వరి పండించు ఊరి బిడ్డకును, వెల్దుర్తి, బొల్లాపల్లి మెట్టలలో వానకై ఆకాశము చూచు రైతు బిడ్డకును చాల అంతరము గలదు. మెట్ట రైతునకు మిరపయో, ప్రత్తియో ఆధారము. 2025 ఆరంభమున మిరప ధర పడిపోగా, ఫిబ్రవరిలో కేంద్రము విపణి జోక్య పథకము క్రింద క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటింపవలసి వచ్చినది. గుంటూరు యార్డులో సరుకు తెగిన ధరయే జూన్‌లో బిడ్డ చేరు కళాశాలను నిర్ణయించుచున్నది. ధర పలికిన యేడు విజయవాడ హాస్టలు, పలుకని యేడు కూలిపని: ఇట్టి చదువు పంటవంటిదే గాని ప్రణాళిక గాదు.

ఇట్టి ఇండ్లలోని బాలురకు సైన్యము ఆకర్షణీయముగా కనబడుట సహజము. తూర్పున మాధవరము వంటి గ్రామములు తరతరములుగా సైనికులను పంపి పేరుగాంచినవి. ఐనను 2022 జూన్‌లో ప్రకటింపబడిన అగ్నిపథ్ పథకముతో సిపాయి కొలువు స్వరూపము మారినది. పదవ తరగతిలో మొత్తము మీద నూటికి 45 మార్కులు, ప్రతి విషయమున 33 మార్కులు గలవాడు, పదునేడున్నర ఏండ్లు నిండిన పిదప, సాధారణ సైనికుడగుటకు అర్హుడు. కొలువు నాలుగేండ్లు. మొదటి యేట నెలకు 30,000 రూపాయల జీతమున 9,000 సేవానిధికి పోగా 21,000 చేతికి వచ్చును. నిధికి ప్రభుత్వమును అంతియే కలుపును; కడపట వడ్డీతో సుమారు 11 లక్షల 71 వేలు ముట్టును. పింఛను లేదు. నాలుగేండ్ల పిదప సైన్యమున నిలుపుకొనునది నూటికి 25 మందిని మించదు.

ఈ లెక్కను ఉపాధ్యాయుడు తరగతిలో నల్లబల్లమీద వ్రాసి చూపవలెను. పదునెనిమిదవ యేట చేరినవాడు ఇరువదిరెండవ యేట, నలుగురిలో ముగ్గురు చొప్పున, తిరిగి ఊరు చేరును. చేత పైకమున్నను చదువు పదవ తరగతియే యైనచో, కొలువుల మార్గమున పదునారవ యేట నిలిచిన చోటనే మరల నిలుచును. కొలువులో నుండగనే సార్వత్రిక విద్యాలయము ద్వారా పండ్రెండవ తరగతిని, ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయము ద్వారా పట్టమును పొందు వీలు కల్పింపబడినది. కేంద్ర సాయుధ పోలీసు దళములలో కొంత కోటా ప్రకటింపబడినది. ఈ సంగతులు చేరుటకు ముందే తెలిసినవాడు ఆ నాలుగేండ్లను నిచ్చెన చేసికొనును. తెలియనివాడు సేవానిధితో ఒక మోటారు వాహనము కొని సరిపెట్టుకొనును. సైన్యమున చేరవద్దని చెప్పుట దేశమునకు ద్రోహము; చేరిన పిదప ఏమి యని అడుగకుండుట బిడ్డకు ద్రోహము. 2025 మే నెలలో సరిహద్దున ప్రాణమిచ్చిన అగ్నివీరుడు మురళీ నాయక్ శ్రీసత్యసాయి జిల్లాలోని ఒక చిన్న తండా బిడ్డ. ఆ కొలువునకు చెల్లింపవలసి రాగల వెల ఏమో అతని మరణము తెలుగు తల్లిదండ్రులకు తెలియజేసినది. అంతటి త్యాగమునకు సిద్ధపడు బాలుడు కండ్లు తెరచి సిద్ధపడవలెను.

సైన్యమున అధికారి యగుటకు త్రోవ వేరు. జాతీయ రక్షణ అకాడమీ పరీక్షకు ఇంటర్మీడియట్ కావలెను. పదాతి సైన్యశాఖకు ఏ గ్రూపైనను చాలును. వైమానిక, నౌకా శాఖలకు గణితము, భౌతికశాస్త్రము చదివి యుండవలెను. అనగా పదునారవ యేట తోచినట్లు పెట్టిన గ్రూపు సంతకమే కొన్ని ద్వారములను మూయుచున్నది. కృష్ణకు ఆవలి యొడ్డున సూర్యాపేటకు చెందిన కర్నల్ సంతోష్ బాబు 2020లో గల్వాన్‌లో అమరుడై మహావీరచక్రము పొందెను. ఆయన కోరుకొండ సైనిక పాఠశాల విద్యార్థి. సైనిక పాఠశాలలలో ప్రవేశము ఆరు, తొమ్మిది తరగతులలో మాత్రమే. పదవ తరగతి పిదప మేల్కొన్నవారికి ఆ త్రోవ అప్పటికే ముగిసినది. కావున ఈ విచారము ఉన్నత పాఠశాలతో గాక, అయిదవ తరగతి ఉపాధ్యాయునితో ఆరంభము కావలెను.

బాలికల స్థితి వేరుగా చెప్పవలసి యున్నది. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏండ్ల స్త్రీలలో నూటికి 29.3 మందికి పదునెనిమిదేండ్లు నిండకయే వివాహమైనది. దేశమున ఆ లెక్క 23.3. ఊరిలో కళాశాల లేకపోవుటయు, పొరుగూరికి బస్సు లేకపోవుటయు పెండ్లిచూపులకు సాకులగుచున్నవి. 2025 ఆగస్టు 15న స్త్రీలకు ఉచిత బస్సు ప్రయాణము ఆరంభమైనది. అదే యేట ఇంటర్మీడియట్ వరకు చదువు ప్రతి బిడ్డకును తల్లికి వందనము క్రింద 15,000 రూపాయలు, అందు 2,000 విద్యాసంస్థ నిర్వహణకు, కేటాయింపబడినవి. ఖర్చను సాకు కొంత తీరినది. ఇక తండ్రితో కూర్చుండి మాటలాడువారు కావలెను. 2025 మే నెలలో జాతీయ రక్షణ అకాడమీనుండి 17 మంది యువతులు తొలిసారిగా శిక్షణ ముగించి వెలువడిరని మాచర్ల బాలికకు చెప్పినచో, ఆమె తండ్రియు ఆ మాట వినును.

మరి ఉపాధ్యాయుడు చేయగలిగినదేమి? తొమ్మిదవ తరగతిలోనే ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క పుట పెట్టవలెను. అభిరుచి, మార్కులు, ఇంటి స్థితి, కళాశాలకు దూరము అందు వ్రాయవలెను. ప్రతి పుటలోను రెండు త్రోవలుండవలెను: కోరినది ఒకటి, అది తప్పినచో పట్టుకొనదగినది ఒకటి. పాలిటెక్నిక్ ప్రవేశపరీక్ష, ఆవాస జూనియరు కళాశాలల పరీక్ష, పదవ తరగతి మార్కులతోనే చేర్చుకొను నూజివీడు, ఒంగోలు మొదలైన చోట్ల ట్రిపుల్ ఐటీలు, ఐ.టి.ఐ.లు: వీని గడువులు గోడమీద వ్రేలాడవలెను. తల్లిదండ్రుల సమావేశము మిరపకోతల నడుమ పెట్టినచో ఎవరును రారు. కోతలకు ముందే పెట్టవలెను. తప్పినవారికి అనుబంధ పరీక్ష గలదని ఫలితముల నాడే ఇంటికి పోయి చెప్పవలెను. ఆ సాయంకాలము గురువు చెప్పు మాటకు గల బలము మరెన్నడును ఉండదు.

త్రోవ తిన్నగా లేనంత మాత్రమున గమ్యము దూరము కాదు. వినుకొండలో 1895లో జన్మించిన జాషువ బడి పంతులుగా, మూకీ చిత్రములకు కథ చెప్పువానిగా, యుద్ధప్రచారకునిగా పనిచేసెను. నడుమ ఉభయభాషాప్రవీణ సాధించి తెలుగు పండితుడయ్యెను. బ్రతుకు త్రిప్పిన ప్రతి మలుపునను చదువు విడువకుండుటయే ఆ మహాకవి జీవితము పల్నాటి విద్యార్థికి నేర్పు పాఠము.

బొంగరము విసరుటకు ముందు త్రాడు చుట్టవలెనని పల్నాటి పిల్లలకు ఎవరును చెప్పనక్కరలేదు. ఆ త్రాడు చుట్టు కాలమే తొమ్మిది, పది తరగతుల కాలము. దానిని వీథి మాటకు వదలక, బడియు ఇల్లును కలిసి చుట్టవలెను.