ఎవరి దగ్గర నేర్చిన పాట?

స్వీడన్‌లో 1964లో 'జాజ్ పో స్వెన్‌స్కా' అనే ఎల్పీ రికార్డు వచ్చింది. పియానో మీద యాన్ యోహాన్సన్, డబుల్ బేస్ మీద గేయోర్గ్ రీడెల్. అంతే, డ్రమ్స్ లేవు, గాయకులు లేరు. వాళ్లు వాయించినవి పల్లె బాణీలు: పెళ్లి ఊరేగింపు పాట, పశువుల కాపరుల పాట, వలస పోయినవాళ్ల పాట. ఇప్పటికి రెండున్నర లక్షలకు పైగా అమ్ముడుపోయి, ఆ దేశంలో మరే జాజ్ రికార్డూ అందుకోలేని స్థానంలో నిలిచింది. ఆ విజయమంతా యోహాన్సన్ ప్రతిభదే అనుకుంటే సగమే అర్థమైనట్టు. అట్ట వెనక ఉన్న 12 పాటల పేర్లు చదివితే మిగతా సగం తెలుస్తుంది. ఒకటి ఊతన్‌మీరా పాట, ఒకటి యామ్ట్‌లాండ్ పాట. మరొకటి హ్యోక్ ఊల్లె దగ్గర నేర్చిన నాట్యబాణీ, ఇంకొకటి లార్స్‌హ్యోగా యోంకె దగ్గర నేర్చిన పెళ్లిబాణీ. ఊరి పేరో ఫిడేలు వాయించిన మనిషి పేరో చాలా పాటలకు ఉంది. మన జానపదం సినిమాకెక్కినా, యూట్యూబ్‌కెక్కినా దారిలో జారిపోతున్నది సరిగ్గా ఇదే.

యోహాన్సన్ ఊరూరా తిరిగి ఆ బాణీలు పోగేయలేదు, ఆ పని ముందే జరిగింది. 1908లో అక్కడ జానపద సంగీత కమిషన్ ఏర్పడింది. ఆ కృషిలోంచే 1922 నుంచి 1940 దాకా 'స్వెన్‌స్కా లోతర్' పేరుతో 24 సంపుటాలు వెలువడ్డాయి. దాదాపు 8 వేల బాణీలు, స్వరాలతో, ఎవరు వాయించారో ఏ ఊళ్లో వాయించారో రాసి మరీ. 1940లలో స్వీడిష్ రేడియో తరఫున మాట్స్ ఆర్న్‌బెర్గ్ రికార్డింగ్ సరంజామాతో పల్లెల బాట పట్టాడు. 1951లో పాటల కోసమే ఒక భాండాగారం వెలిసింది. అంటే 37 ఏళ్ల యోహాన్సన్ 1968లో కారు ప్రమాదంలో పోయేనాటికి ఆయన వెనక అరవై ఏళ్ల ప్రజాధనం, గుమాస్తా పని ఉన్నాయి. గుమాస్తా పని అని చిన్నచూపుతో అనడం లేదు. సంగీతంలో ఎవరూ చప్పట్లు కొట్టని భాగం అదే.

మనకు పాటకూ కొదవ లేదు, పాడేవాళ్లకూ కొదవ లేదు. వింజమూరి అనసూయ, సీత అక్కాచెల్లెళ్లు జానపద గేయాన్ని రేడియోలోకి, గ్రామఫోన్ రికార్డు మీదికి, కచేరీ వేదికకు తెచ్చారు. 1979లో 'మా భూమి' సినిమాకు సంగీతం కూర్చినవారిలో సీత ఒకరు. ఉస్మానియాలో బిరుదురాజు రామరాజు జానపద గేయ సాహిత్యం మీద డాక్టరేట్ చేసి ఆ చదువుకు పీట వేశారు. అయితే పుస్తకంలో మాటలు మిగులుతాయి, గొంతు మిగలదు. 2021లో 'భీమ్లా నాయక్' టైటిల్ పాట మొదట్లో దర్శనం మొగులయ్య గొంతు వినిపించింది. అంతదాకా 12 మెట్ల కిన్నెర పేరు కూడా వినని లక్షల మంది అది విన్నారు. వెదురు గొట్టం, ఎండు సొరకాయ బుర్రలు, మెట్లు నిలబెట్టే మైనంతో కట్టిన వాద్యం అది. మొగులయ్య పేరు పాటలో వేశారు, సంగీత దర్శకుడు తమన్‌కు ఆ మెచ్చుకోలు దక్కాలి. కానీ ఆ కొద్ది క్షణాల తర్వాత పాటంతా హీరోదే. జానపద వీరుడు పండుగ సాయన్న కథను మొగులయ్య మొదటి నుంచి చివరిదాకా కిన్నెర మీద చెబుతుంటే వినాలనుకునే కుర్రాడు ఎక్కడికి వెళ్లాలి? అదే ఏడాది 'సారంగ దరియా' అనే సినిమా పాట మీద గొడవ అయింది. పాటను వెలికితెచ్చింది తానేనని ఒక జానపద గాయని, అది జనం పాటేనని గీత రచయిత. చివరికి రాజీ కుదిరింది. ఆ పాటను ఏ ఊళ్లో ఎవరు పాడగా ఎవరు సేకరించారో అందరికీ అందుబాటులో నమోదై ఉంటే, ఆ తగవు టీవీ చర్చలకు ఎక్కేదే కాదు.

యూట్యూబ్‌లో అన్నీ ఉన్నాయి కదా అని ఎవరైనా అడుగుతారు. నిజమే, తెలంగాణ జానపదం ఇవాళ అక్కడే బతుకుతోంది, నలుగురికి కూడూ పెడుతోంది. కానీ అక్కడున్నవాటిలో చాలావరకు కీబోర్డు, ప్యాడ్లు తొడిగిన కొత్త రూపాలు. పాత బాణీ ఎలా ఉండేదో వాటిలో పోల్చుకోలేం. ఛానెల్ యజమాని మూసేస్తే పాటా పోతుంది. ఇంకో అభ్యంతరం బరువైనది: జానపదానికి కర్త ఉండడు, ఒక మనిషి పేరు తగిలిస్తే ఊరందరి సొత్తును ఒకరికి రాసిచ్చినట్టవుతుంది. స్వీడన్ రికార్డు ఈ చిక్కును తేలిగ్గానే విప్పింది. హ్యోక్ ఊల్లె ఆ బాణీ కట్టాడని అది చెప్పదు, ఆయన నుంచి వచ్చిందని మాత్రమే చెబుతుంది. కథ ఎత్తుకునే ముందు గురువును తలుచుకునే మన కళాకారులకు ఇది వింత సంగతేమీ కాదు.

ముందు కళాకారుల కడుపు చూడండి, రికార్డుల సంగతి తర్వాత అనేవాళ్ల మాట మాత్రం కాదనలేం. 2022లో తెలంగాణ ప్రభుత్వం మొగులయ్యకు కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. అలాంటి ఆదరణ ఇంకా ఎందరికో అందాలి. అయితే సన్మానం మనిషికి అందుతుంది, పాట మనిషితోనే వెళ్లిపోతుంది. ఒగ్గు కథకు దేశమంతా పేరు తెచ్చిన చుక్క సత్తయ్య 2017లో కన్నుమూశారు. ఆయన స్థాయి కథకుడు ఒక కథను రాత్రంతా చెబుతుంటే కోత లేకుండా రికార్డు చేసి, రోజుకింత అని పారితోషికం ఇస్తే, అది కూడా కడుపు చూడటమే. స్వీడన్ ధనిక దేశం, మనకెలా అంటారా? 1908లో అది తన జనాన్ని అమెరికాకు వలస పంపుతున్న దేశం. మనం మరీ అంత లేనివాళ్లమూ కాదు. 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీ హైదరాబాద్ శివార్లలో, అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలోనే ఉంది. ఒక్క సినిమా పాట సెట్టుకు ఖర్చయ్యే సొమ్ముతో ఎన్ని ఊళ్ల కథలు రికార్డు చేయొచ్చో నిర్మాతలే లెక్క కట్టుకోవచ్చు. తెలుగు విశ్వవిద్యాలయం పూనుకుని మొదలుపెట్టినా, సినిమా వాళ్లు తలో చెయ్యి వేసినా షరతు ఒక్కటే ఉండాలి: రికార్డయినది ఎవరైనా వచ్చి వినేలా ఉండాలి, పాడినవారి పేరు, ఊరు, తేదీ దాంతోనే ఉండాలి. భాండాగారం కట్టేదాకా ఆగక్కర్లేని పని కూడా ఒకటుంది. వచ్చే బోనాలకు బయటికొచ్చే ప్రతి వీడియో కింద 'జానపదం' అని సరిపెట్టకుండా, ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఆ పేరు ఒక్క వరుస రాయొచ్చు.