నూలు గుడ్డతో కరెంటు కొలిమి!

2026 జనవరి 1 నుంచి యూరప్‌కు వెళ్లే ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువుల మీద కార్బన్ సుంకం అసలు దశ మొదలైంది. సరుకు తయారీలో ఎంత కార్బన్ వెలువడిందో లెక్కగట్టి దిగుమతిదారు నుంచి సొమ్ము రాబడతారు. ‘అది స్టీలు కంపెనీల గొడవ, నాకెందుకు’ అనుకోకండి. ఫ్యాక్టరీల్లో బొగ్గు, గ్యాసు మండించి తెచ్చే వేడిని కరెంటుతోనే తేవాలన్న ఒత్తిడి దీంతో పెరుగుతోంది. మెటీరియల్స్ తెలిసినవాళ్ల అవసరం వచ్చేది ఇక్కడే.

హీటర్లలో ఉండే నైక్రోమ్ తీగ సుమారు 1200 డిగ్రీల దగ్గర చేతులెత్తేస్తుంది. అంతకు మించి వేడి కావాలంటే వాడే వాటిలో సిలికాన్ కార్బైడ్ లాంటి సిరామిక్ ఒకటి. మామూలుగా దీన్ని ఇసుక, పెట్రోలియం కోక్‌తో చేస్తారు. పరిశోధకులు పట్టుకున్న ఇంకో దారి... పత్తి, జనపనార, విస్కోస్ లాంటి మొక్కల నార.

పద్ధతి వినడానికి తేలికే. గుడ్డను గాలి తగలకుండా నెమ్మదిగా కాలిస్తే బూడిదవదు, నేత చెదరకుండా బొగ్గవుతుంది. దానిలోకి 1414 డిగ్రీల దగ్గర కరిగే సిలికాన్‌ను పీల్చుకోనిస్తే, బొగ్గు కాస్తా సిలికాన్ కార్బైడ్‌గా మారుతుంది. నేత సందులు కొన్ని మిగిలేలా చూసుకుంటే వాటిలోంచి గాలి పంపొచ్చు. కరెంటిస్తే లోపలంతా వేడెక్కుతుంది కాబట్టి గాలీ త్వరగా వేడెక్కుతుంది. ఇదేం కొత్త వింత కాదు. 1879లో ఎడిసన్ బల్బులో వెలిగింది మాడ్చిన నూలు దారమే. అమెరికా స్పేస్ షటిల్ ముక్కుకు పెట్టిన కార్బన్ కవచం కూడా రేయాన్ గుడ్డతో మొదలైందే.

చిక్కంతా ఆచరణలో. సెల్యులోజ్ బరువులో కార్బన్ 44 శాతమే. అందులోనూ కాల్చేటప్పుడు చాలా భాగం పొగై పోతుంది, గుడ్డ కుంచించుకుపోతుంది. తొందరపడి వేడి పెంచితే పగుళ్లే. పైగా సిలికాన్ కార్బైడ్ హీటర్లు వాడేకొద్దీ వాటి రెసిస్టెన్స్ పెరుగుతుంది. ఇక ‘మొక్కల నార కాబట్టి పర్యావరణ హితం’ అనే ప్రచారాన్ని ఉన్నదున్నట్టు నమ్మకండి. సిలికాన్ తయారీకి బోలెడు కరెంటు కావాలి. ఆ కరెంటు బొగ్గుదైతే లాభం ఎక్కడ?

మరి ఉద్యోగాలు? ఈ పేరుతో జాబ్ పోర్టల్‌లో వెతికితే దాదాపు ఏమీ దొరకదు. పని వేరే పేర్లతో ఉంటుంది. ఫర్నేస్ తయారీ, రిఫ్రాక్టరీలు, కాంపోజిట్లు, థర్మల్ డిజైన్ అని వెతకండి. హైదరాబాద్‌లోనే ఏఆర్‌సీఐ, డీఎంఆర్‌ఎల్, ఏఎస్‌ఎల్ ఉన్నాయి. వాటి ప్రాజెక్టు, జేఆర్‌ఎఫ్ ప్రకటనలను గమనిస్తూ ఉండండి. మెటలర్జీ వాళ్లకే ఇదని టెక్స్‌టైల్ విద్యార్థులు తప్పుకోనక్కర్లేదు. ఏ నేత వేస్తే కరెంటు సమంగా పారుతుందో చెప్పాల్సింది వాళ్లే. గేట్‌లో వాళ్లకు టీఎఫ్ పేపర్ ఉంది. మారే రెసిస్టెన్స్‌కు తగ్గట్టు పవర్ కంట్రోల్ చేయడం ఈఈఈ వాళ్ల పని.

ఫైనలియర్ ప్రాజెక్టు ఇంకా తేల్చుకోలేదా? సిలికాన్ దాకా వెళ్లక్కర్లేదు. నూలు, జనపనార ముక్కల్ని నైట్రోజన్‌లో వేర్వేరు ఉష్ణోగ్రతల దగ్గర కాల్చి... బరువు ఎంత తగ్గింది, ఎంత కుంచించింది, రెసిస్టెన్స్ ఎంత అన్నది పట్టిక వేయండి. ఇంటర్వ్యూలో మాట్లాడటానికి అదే చాలు. మీ కాలేజీలో ట్యూబ్ ఫర్నేస్ ఉందో లేదో ఈ వారమే ల్యాబ్ అసిస్టెంట్‌ను అడగండి.