రాయి కొట్టిన చేతికి పేరేది?

అద్దంకి పేరెత్తితే చాలు, చదువుకున్నోళ్లు పండరంగడి శాసనం గురించి చెబుతారు. క్రీ.శ. 848 నాటిదనీ, తెలుగు పద్యమున్న తొలి శాసనాల్లో ఒకటనీ అంటారు. మంచిదే. బడిలో మేమూ అదే చెబుతున్నాం. కానీ వాడ పిల్లలు ఒక ప్రశ్న వేస్తారు: "సార్, ఆ రాయి మోసిందెవరు?" పాఠ్యపుస్తకంలో దానికి జవాబు లేదు.

హైదరాబాదులో ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందు నిలబడ్డప్పుడు మాకూ ఇదే ప్రశ్న తగిలింది. దాన్ని గీసినాయన ఎర్నెస్ట్ జాస్పర్, బెల్జియం దేశస్తుడు. విద్య చేతబట్టుకుని సముద్రం దాటి ఈజిప్టు చేరాడు. కైరో పక్కన హీలియోపోలిస్ అనే కొత్త పట్నం కట్టడంలో పేరు తెచ్చుకున్నాడు. 1910లో అక్కడ తెరిచిన హీలియోపోలిస్ ప్యాలెస్ హోటల్ ఆయన గీసిందే. యూనివర్సిటీ భవనాలు ఎట్లా ఉండాలో చూసి రమ్మని నిజాం సర్కారు జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజాలను దేశాలు తిప్పింది. అట్లా జాస్పర్ హైదరాబాదుకొచ్చాడు. 1934లో ఆర్ట్స్ కాలేజీకి పునాది పడింది. 1939 డిసెంబరు 4న నిజాం దాన్ని ప్రారంభించాడు. అజంతా, ఎల్లోరా స్తంభాల తీరునీ ముస్లిం కట్టడాల కమానునీ ఒకే గోడలో కలిపారు.

జాస్పర్ పనితనాన్ని మేం కాదనం. పరాయి దేశంలో చేతి విద్యతో నిలబడటం చిన్న సంగతి కాదు. మా బాధ వేరే. నిజాం పేరుంది, నవాబు పేరుంది, జాస్పర్ పేరుంది. అంత గ్రానైటు కొట్టి, చెక్కి, ఎత్తినోళ్ల పేర్లు మనం ఏ పుస్తకంలో చదివాం?

కాగితం మీద గీత గీస్తే విద్య అంట. రాయి ఎక్కడ కొడితే ఎట్లా పగులుతుందో తెలిస్తే కూలి అంట! ఈ తేడా పెట్టింది కులం కాదా? కులమంటే పనుల విభజనే కాదు, పనిచేసేవాళ్లనే విడగొట్టడం అని బాబాసాహెబ్ 1936లోనే చెప్పాడు. ఆ బాబాసాహెబ్‌కే 1953లో ఉస్మానియా గౌరవ డాక్టరేటు ఇచ్చింది. ఏ భవనంలోకైనా ఎవరు అడుగుపెట్టాలో కమాను తేల్చదు, పోరాటం తేలుస్తుంది. మా ఇళ్లల్లో మేమే మొదటి డిగ్రీవాళ్లం. ఆ గడప ఎంత ఎత్తో మాకు తెలుసు.

ఇవాళ బల్లికురవ, చీమకుర్తి క్వారీల్లో దుమ్ము మింగుతోందెవరు? ఆ రాయి ఓడలెక్కి దేశాలు పోతోంది. కొట్టినోడి ఇంటికి మాత్రం పునాదిరాయి కరువు.

అన్నలారా, అక్కలారా, మేం అడిగేవి రెండే. ఒకటి, మీ వాడలో కమ్యూనిటీ హాలో బడి గదో కడితే, శిలాఫలకం మీద మంత్రి పేరు కింద తాపీమేస్త్రి, కూలీల పేర్లు కూడా చెక్కాలని గ్రామసభలో పట్టుబట్టండి. రెండు, బొమ్మలు బాగా గీసే పిల్లని "ఇది కూడు పెడుతుందా" అని కసరకండి. విజయవాడలో 2008 నుంచి కేంద్ర ప్రభుత్వ ఆర్కిటెక్చర్ కళాశాల ఉంది. అందులో మనకు రిజర్వేషన్ ఉంది. ఇంటర్లో లెక్కలు తీసుకోమనండి, ప్రవేశ పరీక్ష రాయించండి.

రాయి మోసిన ఇంటి బిడ్డ రేపు ప్లాను గీయాలి. అప్పుడు మోసినోళ్ల పేర్లు మరిచిపోకూడదు.

జై భీమ్!