చారల చాకులు - సాదా ఉక్కు



నీటి యలలవలె చారలు దేలిన చాకును జూపి, ఇది డమస్కసు ఉక్కనియు, దీనికి సాటి లేదనియు జెప్పి, మామూలు చాకునకు బలురెట్లు వెల యడుగువారు గలరు. సంఘము తరఫున పనిముట్లు కొనునపుడు ఈ సంగతి విచారింపదగినది.

డమస్కసు కీర్తికి మూలము మన దక్షిణదేశపు ఉక్కే. నేటి నిజామాబాదు జిల్లా కోనసముద్రమున కమ్మరులు ఇనుమును మట్టిమూసలలో నుంచి, మూతవేసి కాల్చి, మెల్లగా చల్లార్చి ఉక్కుముద్దలు తీసెడివారు. వానిని కొనుటకు ఇస్ఫహాను వర్తకుడు అచటికి వచ్చియుండెనని వాయిసీ యను వైద్యుడు వ్రాసిన వ్యాసము 1832లో ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడెను. ఆ జాతి యుక్కులో నూటికి ఇంచుమించు ఒకటిన్నర పాళ్లు కర్బనము. కర్బనముతో గూడిన గట్టి రేణువులు వరుసదీరుటచే దానిలో చారలు పుట్టినవి.

నేడు ఆ పేర నమ్ముడగు చాకులలో బెక్కు అట్టివి కావు. రెండు రకముల యుక్కురేకులను అతికి, మడిచి, సాగగొట్టి, ఆమ్లములో ముంచి చారలు తేల్చుదురు. ఇది నేర్పుగల పనియే, చూడ ముచ్చటయే. కాని చారలు పదునును పెంచవు.

పదును మూడింటిపై నాధారపడును: ఉక్కులోని కర్బనము, కాల్చి ముంచి బిగువెక్కించి మరల కొంచెము వేడిచేసి పెళుసు తీయు నేర్పు, అంచు పలుచదనము. అసలైన పాత తరహా డమస్కసును వెర్హోవెన్ మొదలగువారు 2008లో ప్రకటించిన పరీక్షలలో ఇతర యుక్కులతో బోల్చిరి. మెత్తగా నుంచినపుడు అది కొంచెము మేలుగా నిలిచెను. బాగుగా బిగువెక్కించినపుడు బేరింగులకు వాడు చారలేని యుక్కే దానిని మించెను.

మిరప టిక్కీల పురికొస కోయుటకును, ఎరువుల బస్తాలు విప్పుటకును, పత్తిచేలలో చిల్లరపనులకును సాదా కర్బనపు ఉక్కు చాలును. లారీ కమానుపట్టీతో ఊరి కమ్మరి చేసిన చాకు మొద్దువారినను అరుగురాతిపై వేగముగా పదునెక్కును. తుప్పు పట్టునందురా? కర్బనపు ఉక్కులతో జేసిన చారల చాకునకును ఆ దోషము తప్పదు. తుడిచి నూనె రాచుటయే రెంటికిని మందు.

కావున సంఘములు చారలకు వెల కట్టరాదు. నమూనా చాకును ఒకదినము పనిలో బెట్టి, సాయంకాలము అంచు చూచి, పిదప బేరమాడవలయును. పూర్వుల ఖ్యాతిని తక్కువ చేయుట గాదా యని కొందఱనవచ్చును. కోనసముద్రపు కమ్మరుల ఖ్యాతి అగ్నిని ఎఱుగుటవలన వచ్చినది. ఆ యెఱుక గల కమ్మరి మన యూళ్లలో నింకను నున్నచో, మన పైకము ముందుగా ఆతని కొలిమికి జేరుట న్యాయము.