మోటారు ఆగిందని మాత్ర మానేయకండి!

‘‘ఇప్పుడు బాగానే ఉన్నాను కదా సార్. అందుకే కొన్ని నెలలుగా మాత్ర వేసుకోవట్లేదు.’’

ఓపీలో ఈ మాట తరచూ వింటుంటాం. బీపీ, షుగర్ మాత్రల విషయంలోనే ఇది ప్రమాదం. ఇక సీఎంఎల్ అనే బ్లడ్ క్యాన్సర్ ఉన్నవారు ఇలా అంటే మాకు గుండె జారినంత పనవుతుంది. వెంటనే రక్తపరీక్ష రాస్తాం. అదుపులోకి వచ్చిన తెల్ల రక్తకణాలు మళ్లీ లక్ష దాటి కనిపిస్తే, ఇన్నాళ్ల శ్రమ వెనక్కి పోయినట్టే.

మనిషి బాగున్నా మాత్ర ఎందుకు ఆపకూడదు? ఇది తెలియాలంటే ముందు కణాల మధ్య నడిచే కబుర్ల గురించి తెలుసుకోవాలి.

మన ఒంట్లో ఏ కణమూ తనిష్టం వచ్చినట్టు పెరగదు. ‘ఇప్పుడు విభజన చెందు’, ‘ఇక చాలు’ అంటూ బయటి నుంచి కబురు రావాలి. ఆ కబురు కణం పైపొర మీదుండే గ్రాహకాన్ని తాకుతుంది. అక్కడి నుంచి లోపలి ప్రొటీన్లు ఒకదానికొకటి అందించుకుంటూ కేంద్రకం దాకా చేరుస్తాయి. దీన్నే సిగ్నలింగ్ మార్గం అంటారు. ఈ దారిలో కైనేజ్ అనే ప్రొటీన్లు స్విచ్చుల్లాంటివి. పనున్నప్పుడు ఆన్ అవుతాయి, పని అవగానే ఆఫ్ అవుతాయి.

పొలంలో బోరు మోటారుకు ఆటో స్టార్టర్ పెట్టి వదిలేస్తే ఏమవుతుందో రైతులకు చెప్పక్కర్లేదు. మడి నిండినా, గట్టు తెగినా కరెంటు ఉన్నంతసేపూ నీళ్లు పోస్తూనే ఉంటుంది. సీఎంఎల్‌లో జరిగేదీ ఇదే. ఎముక మూలుగలోని ఒక కణంలో 9వ, 22వ క్రోమోజోముల ముక్కలు తెగి, చోటు మార్చుకుని అతుక్కుంటాయి. ఆ అతుకులో బీసీఆర్-ఏబీఎల్ అనే కొత్త జన్యువు పుడుతుంది. అది తయారుచేసే కైనేజ్‌కు ఆఫ్ కావడం తెలియదు. కబురు రాకపోయినా ‘పెరుగు, పెరుగు’ అంటూనే ఉంటుంది. ఈ మార్పు పుట్టాక వచ్చేదే. తల్లిదండ్రుల నుంచి రాదు, పిల్లలకు పోదు, ఎవరికీ అంటుకోదు.

ఈ లోపం తాలూకు పొట్టి క్రోమోజోమును 1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో నోవెల్, హంగర్‌ఫర్డ్ గుర్తించారు. ముక్కలు తారుమారయ్యాయని 1973లో జానెట్ రౌలీ తేల్చారు. స్విచ్‌ను ఆపే ఇమాటినిబ్ మాత్రకు అక్కడ అనుమతి వచ్చింది 2001లో. కైనేజ్ పనిచేయాలంటే ఏటీపీ అనే ఇంధనం కావాలి. అది వచ్చి కూర్చునే చోట ఈ మాత్ర అడ్డంగా కూర్చుంటుంది. కరెంటు అందక మోటారు ఆగిపోతుంది. ఈ మాత్రతో చికిత్స మొదలుపెట్టిన వారిలో నూటికి 83 మంది పదేళ్ల తర్వాతా బతికే ఉన్నారని ఒక పెద్ద అధ్యయనంలో తేలింది.

అయితే గుర్తుంచుకోండి. మోటారు ఆగిందే తప్ప ఊడదీయలేదు. మూలుగ లోతుల్లో కొన్ని జబ్బు కణాలు నిద్రపోతున్నట్టు మిగిలే ఉంటాయి. మందు రక్తంలో సగానికి తగ్గడానికి పట్టేది సుమారు 18 గంటలే. అందుకే రోజూ వేసుకోవాలి. నెలలో మూడు నాలుగు రోజులు మానేసినా ఫలితం బాగా తగ్గుతుందని అధ్యయనాలు చెబుతున్నాయి.

కాబట్టి భోజనం చేశాక పెద్ద గ్లాసు నీళ్లతో మాత్ర వేసుకోండి. కళ్ల చుట్టూ వాపు, కండరాలు పట్టేయడం, వికారం ఉంటే డాక్టర్‌కు చెప్పండి. మీ అంతట మీరు మానకండి. టీబీ, ఫిట్స్ మందులు వాడాల్సి వచ్చినా, గర్భం కోరుకుంటున్నా ముందే చెప్పండి. డాక్టర్ చెప్పిన గడువులకు బీసీఆర్-ఏబీఎల్ పరీక్ష చేయించుకోండి. ఏళ్ల తరబడి ఫలితం చాలా బాగున్న కొందరిలో మాత్ర ఆపి చూస్తాం. కానీ ఆ నిర్ణయం ఆ పరీక్ష చూసి డాక్టర్ తీసుకోవాల్సింది. అలా ఆపినవారిలోనూ దాదాపు సగం మందికి మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తుంది.

తప్పంతా రోగులదే అనడం న్యాయం కాదు. ఒకప్పుడు ఈ మందు నెలకు లక్ష రూపాయలు దాటేది. పేటెంట్ కోసం నోవార్టిస్ కంపెనీ చేసిన వాదనను 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు తోసిపుచ్చడంతో, అందులో పదో వంతు ధరకే దొరికే జనరిక్ మాత్రలకు అడ్డు తొలగింది. ఇంత పోరాటం జరిగాక కూడా ‘స్టాక్ లేదు, వచ్చే వారం రా’ అన్న జవాబు విని ఒక్కరు వెనుదిరిగినా అది మా వ్యవస్థ వైఫల్యమే. కూలి మానుకుని, బస్సు ఛార్జీలు పెట్టుకుని వచ్చే మనిషికి ఆ వచ్చే వారం మరో నెల కావచ్చు. నెలకు సరిపడా మాత్రలు ఒకేసారి ఇవ్వాలి. ఎవరైనా రాకపోతే ఫోన్ చేసి పిలవాలి.

అన్ని క్యాన్సర్లూ ఇలా ఒక్క స్విచ్‌తో లొంగవు. చాలా వాటిలో ఒకేసారి ఎన్నో మార్గాలు చెడి ఉంటాయి. ఒక్క మాత్రకు లొంగే క్యాన్సర్ ఒకటి దొరికినప్పుడు, ఆ మాత్ర రోజూ మనిషి నోటికి చేరేలా చూసుకోవాలి. అందులో మీ వంతూ ఉంది, మా వంతూ ఉంది.