నిద్రపోని పక్షుల దీవి

విమానాశ్రయాలకు నాయకుల పేర్లు పెట్టడం మనకు అలవాటే. అట్లాంటిక్ మహాసముద్రం నడుమ ఉన్న అసెన్షన్ దీవిలో మాత్రం ఆ గౌరవం ఓ పక్షికి దక్కింది! దాని అసలు పేరు సూటీ టెర్న్. పగలూ రాత్రీ తేడా లేకుండా అరుస్తుంటుందని అక్కడివాళ్లు ‘వైడ్‌అవేక్’... అంటే నిద్రపోనిది అంటారు. విమానాశ్రయం పేరూ అదే.

అగ్నిపర్వతాల లావాతో పుట్టిన ఈ బ్రిటిష్ దీవి విస్తీర్ణం 88 చదరపు కిలోమీటర్లు. ఆఫ్రికా తీరం ఇక్కడికి 1,600 కిలోమీటర్లు. స్థిరనివాసులంటూ ఎవరూ లేరు, ఉద్యోగం అయిపోతే ఎవరైనా వెళ్లిపోవాల్సిందే. చూడ్డానికి వెళ్లాలన్నా పర్మిట్ ఉండాలి.

పక్షుల కోసమే వెళ్తే పొద్దున్నే టెర్న్‌ల మైదానం చేరుకోవాలి. నల్లటి వీపు, తెల్లటి పొట్ట ఉన్న పక్షులు లక్షల్లో... పుష్కరాల రేవు గుర్తొస్తుంది. గూడూ పాడూ ఏమీ ఉండదు, జంటకో గుడ్డు, అదీ కటిక నేల మీదే. పొదగడమంటే వెచ్చదనం ఇవ్వడమే అనుకుంటాం. ఇక్కడ మాత్రం గుడ్డు ఎండకు ఉడికిపోకుండా తల్లీతండ్రీ వంతులవారీగా గొడుగు పట్టాలి. అయితే వెళ్లేముందు వాకబు చేసుకోవడం మంచిది. వీటి సంసారం మన క్యాలెండర్ ప్రకారం సాగదు, సుమారు తొమ్మిదిన్నర నెలలకోసారి వచ్చి గుడ్లు పెడతాయి.

మధ్యాహ్నం తూర్పు కొసన ఉన్న లెటర్‌బాక్స్ అనే చోటికి నడవాలి. లావా రాళ్ల మీద నడక, చెప్పులు పనికిరావు. అక్కడి నుంచి చూస్తే ఎదురుగా కడలిలో రెట్టలతో తెల్లబడిన ఓ పెద్ద బండ... బోట్‌స్వెయిన్ బర్డ్ ఐలాండ్. ప్రపంచంలో మరెక్కడా గుడ్లు పెట్టని అసెన్షన్ ఫ్రిగేట్ పక్షులకు ఒకప్పుడు అదొక్కటే దిక్కు. మగపక్షి జత కోసం గొంతు కింది తిత్తిని ఎర్ర బెలూన్‌లా ఉబ్బిస్తుంది. చిత్రమేంటంటే, సముద్రపక్షి అయ్యుండీ ఇది నీటి మీద వాలలేదు. ఈకలు తడిసిపోతాయి!

ఇంత దీవి ఉండగా బండమీద ఇరుకు కాపురం ఎందుకంటే, కారణం పిల్లులు. నెపోలియన్‌ను సెయింట్ హెలీనాలో బంధించాక, ఆయన్ను తప్పించడానికి ఎవరూ రాకుండా 1815లో బ్రిటిష్ నౌకాదళం అసెన్షన్‌లో మకాం వేసింది. ఎలుకల బెడదకని పిల్లుల్ని తెచ్చారు. అవి ఎలుకల కంటే తేలిగ్గా దొరికే పక్షుల మీద పడ్డాయి. టెర్న్‌లు సంఖ్యాబలంతో నెగ్గుకొచ్చాయి గానీ మిగతావి బండల మీదికి పారిపోయాయి.

2002లో అడవి పిల్లుల ఏరివేత మొదలైంది. ఉచ్చులు, విషం... పిల్లిని పెంచుకునేవాళ్లకు చదవడానికే కష్టంగా ఉంటుంది. కొన్ని పెంపుడు పిల్లులూ బలయ్యాయి. అయినా మరో మార్గం ఉండిందని చెప్పలేం. 2006లో అడవి పిల్లులు లేవని ప్రకటించారు. అప్పటికే మాస్క్‌డ్ బూబీ పక్షులు లెటర్‌బాక్స్‌కి తిరిగొచ్చాయి. ఫ్రిగేట్లు మాత్రం ఓ పట్టాన నమ్మలేదు. నూట యాభై ఏళ్లు దాటాక, 2012లో మళ్లీ ప్రధాన దీవి మీద గుడ్డు పెట్టాయి.

ఎలుకలు ఇంకా ఉన్నాయి, టెర్న్ పిల్లల్ని తింటున్నాయి. తిరుగుదారిలో మైదానం దగ్గర గోరువంక కనిపిస్తే మన ఊరి పిట్టేనని మురిసిపోకండి. పురుగుల్ని తింటుందని ఎవరో తెచ్చి వదిలితే, టెర్న్ గుడ్లు పొడుచుకు తినడం మరిగింది!