ఎవరు దాచారో కూడా చెప్పాలి

సెప్టెంబరు 17 దగ్గర పడుతోందంటే చాలు, టీవీల్లోనూ ఫోన్లలోనూ రజాకార్ల మాటే వినిపిస్తుంది. ఆ రోజుల్లో కృష్ణ దాటి వచ్చి పల్నాడు పల్లెల్లోనే ఉండిపోయిన కుటుంబాల్లో మా అమ్మమ్మ వాళ్ళదీ ఒకటి. అందుకని ఈ వారం పచ్చళ్ళ సంగతి పక్కన పెట్టి ఆ ముచ్చట చెప్పుకుందాం అక్కయ్యలూ!

1947 ఆగస్టు 15న దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా నిజాం మాత్రం తన హైదరాబాదు రాజ్యాన్ని కలపనన్నాడు. కృష్ణకి అవతల నల్గొండ జిల్లా నిజాముది, ఇవతల మన గుంటూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలోది. ఇప్పుడు వాడపల్లి నుంచి పొందుగలకి బస్సు వంతెన మీద నిమిషాల్లో దాటేస్తుంది. అప్పుడు ఏరే సరిహద్దు.

రజాకారు అంటే స్వచ్ఛందంగా సేవ చేసేవాడని అర్థమట. పేరు ఎంత బాగుందో చూడండి! లాతూరు వకీలు కాశిం రజ్వీ 1946లో మజ్లిస్ పగ్గాలు పట్టాక వీళ్ళకి ఆయుధాలొచ్చాయి, కవాతులొచ్చాయి. దొరల వెట్టికి ఎదురు తిరిగిన పల్లెల మీద, కమ్యూనిస్టులకో కాంగ్రెసు వాళ్ళకో అన్నం పెట్టారన్న అనుమానంతో ఇళ్ళ మీద పడేవారు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో జరిగిన ఘోరం అందరూ వినే ఉంటారు.

అమ్మమ్మకి అప్పుడు పదేళ్ళు. నా చిన్నప్పుడు కల్లంలో మిరపకాయల తొడిమలు తీస్తూ కూర్చుంటే చెప్పేది. "బిడ్డా, మొదలు మాటలు మారినయి. వదినె అని పిలిచిన నోళ్ళే మొఖం తిప్పుకున్నయి. బాయికాడ ముచ్చట్లు బందయినయి. రాత్రయితే మొగోళ్ళు జొన్నచేన్లల్ల పండుకునేటోళ్ళు" అనేది. తుపాకుల కంటే ముందు వచ్చిన ఆ మౌనమే ఆమెకి ఎక్కువ గుర్తు.

వాళ్ళ పక్కిల్లు దూదేకుల వాళ్ళది. పత్తి ఏకి బొంతలు కుట్టి బతికే ముస్లిములు, ఇంట్లో మాట్లాడేది తెలుగే. రజాకార్లు వస్తున్నారని ముందు చెప్పింది ఆ ఇంటావిడే. అమ్మమ్మనీ చెల్లెల్నీ రోజంతా ఏకిన దూది కుప్పల వెనక దాచి పెట్టింది. దూది ముక్కులోకి పోయి తుమ్ము వస్తే కొంగుతో నోరు మూసిందట. ఆ రాత్రి ఆవిడ భర్తే వీళ్ళందరినీ ఏటి ఒడ్డుకి చేర్చి పుట్టి ఎక్కించాడు. వాళ్ళు తెచ్చుకున్నది ఒక గొంగళి, జొన్నపిండి మూట, కొంగున కట్టిన కాసిని హాలీ సిక్కాలు.

అవి నిజాం డబ్బులు. ఏడు హాలీ రూపాయలైతే మన ఆరు రూపాయలతో సమానం. ఊరు కాని ఊళ్ళో ఆ లెక్క ఎవరు చూస్తారు? కొట్టువాడు ఎంతంటే అంతే. అది మాఘమాసం, మిరపకాయల రోజులు. పిల్లల్తో సహా కూలికి కూర్చున్నారు. సాయంత్రానికి చేతులు భగ్గున మండితే మజ్జిగ రాసుకునేవాళ్ళు.

1948 సెప్టెంబరు 13న సైన్యం వెళ్ళింది, 17న నిజాం లొంగిపోయాడు. దీపావళికి ముత్తాత ఊరు చూడబోయాడు. ఇంటికి మొండి గోడలే మిగిలాయి. పక్కిల్లు కూడా ఖాళీయే. సైన్యం వచ్చాక ప్రతీకారానికి భయపడి ఆ దూదేకుల వాళ్ళు ఎటో వెళ్ళిపోయారట. ఎటో ఎవరూ చెప్పలేదు. ఆ ఇల్లు చూశాక ముత్తాతకి ఆ ఊళ్ళో ఉండబుద్ధి కాలేదు, తిరిగి పల్నాడే వచ్చేశాడు.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. సైన్యం వెళ్ళాక జరిగిన హింసలో తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని, వాళ్ళలో ఎక్కువమంది ముస్లిములేనని నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం అంచనా వేసింది. మరాఠీ, కన్నడ జిల్లాల్లో మరీ ఎక్కువ. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు.

ఇంతా ఎందుకు చెప్తున్నానంటే, మా చుట్టాల పెళ్ళిళ్ళలో ఈ కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. తగలబడ్డ ఇల్లు ఉంటుంది, పుట్టి ఉంటుంది, హాలీ సిక్కాలూ ఉంటాయి. దూదేకుల ఆవిడ మాత్రం ఏడాదికేడాది చిన్నదైపోయి, ఇప్పుడు అసలే కనపడ్డం లేదు. మొన్న మా చిన్నాడు ఏదో వీడియో చూసి "సాయిబులంతా కలిసి మనవాళ్ళని తరిమేశారంటగా!" అన్నాడు. వాడి తప్పేముంది? మనం చెప్పిందే వాడు నేర్చుకున్నాడు. కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. రజాకార్లని పత్రికలో ఎండగట్టినందుకు 1948 ఆగస్టులో 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ని చంపేశారనీ, ఆయనా ముస్లిమేననీ చెప్పాను. రజాకార్ల దుర్మార్గాన్ని దాచమని నేననను. అమ్మమ్మ కూడా దాచలేదు. కానీ ఆ ఇల్లాలి ప్రసక్తి లేకుండా ఆ కథ ఎప్పుడూ ముగించలేదు.

మీ ఇళ్ళల్లో అలా తరలి వచ్చిన పెద్దవాళ్ళుంటే అడిగి ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టుకోండి. ఎవరు తరిమారో చెప్పేటప్పుడు, ఎవరు దాచారో కూడా చెప్పమనండి. పిల్లలకి రెండూ తెలియాలి. ఏమంటారు?